లండన్‌లో పాత రూట్‌మాస్టర్ బస్సులు నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవు రోజుల్లో పాత రూట్‌మాస్టర్ బస్సు మీద కండక్టర్‌గా చేస్తుంటాను. జీతం లేదు, సరదా అంతే. లండన్‌లో ఎర్ర బస్సు ఫుట్‌బోర్డు మీద తెలుగు మొహం కనబడేసరికి మనవాళ్లు ఆగి మరీ మాట్లాడతారు, అందరూ దాదాపు అవే ప్రశ్నలు వేస్తారు, తర్వాత వాట్సాప్‌లో వాళ్ల చుట్టాలు కూడా అవే వేస్తారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెట్టాను. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది, కొన్నిటి దగ్గర నన్ను ఆపడం కష్టం.

అసలు రూట్‌మాస్టర్ అంటే ఏ బస్సు?

లండన్ పోస్టుకార్డుల మీద కనిపించే ఎర్ర డబుల్ డెక్కర్. వెనక మూల తలుపు లేని ఫుట్‌బోర్డు, దాని మీద పట్టుకోవడానికి తెల్లటి రాడ్డు, ముందు ఇంజన్ పక్కన డ్రైవర్ ఒక్కడికే సరిపోయే చిన్న గది. ఈ మూడూ ఉంటే అదే అనుకోండి, నూటికి తొంభైసార్లు తప్పు కాదు. అప్పట్లో లండన్ బస్సులు నడిపిన సంస్థ లండన్ ట్రాన్స్‌పోర్ట్ తన ఊరి వీధుల కోసం తానే డిజైన్ చేయించుకున్న బస్సు ఇది. ఇంజనీరింగ్ పని ఎ.ఎ.ఎం. డ్యురాంట్, కాలిన్ కర్టిస్ వంటి వాళ్లది, రూపురేఖలు డగ్లస్ స్కాట్‌వి. మొదటి నమూనా ఆర్ఎం 1ని (ఆర్ఎం అంటే రూట్‌మాస్టర్) 1954లో ప్రదర్శనకు పెట్టారు, 1956 ఫిబ్రవరి 8న అది 2వ నంబర్ రూట్‌లో జనాన్ని ఎక్కించుకుంది. 1968లో తయారీ ఆపేసేసరికి మొత్తం 2,876 బస్సులు అయ్యాయి. యంత్ర భాగాలు ఏఈసీ కంపెనీవి, బాడీ పార్క్ రాయల్‌ది.

అప్పటికి ఇది చాలా ముందున్న బండి. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు హాలిఫాక్స్ బాంబర్ విమానాల తయారీలో పాలుపంచుకున్నారు, అక్కడ నేర్చుకున్న అల్యూమినియం పనితనాన్ని తెచ్చి బస్సులో పెట్టారు. అందుకే 64 మందికి సీట్లున్నా ఖాళీ బస్సు బరువు ఏడున్నర టన్నుల దగ్గరే ఆగింది. పవర్ స్టీరింగ్, ఆటోమేటిక్ గేర్లు, ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్, ఇవన్నీ 1950ల నాటి సిటీ బస్సులో ఉన్నాయంటే ఇప్పటికీ మెకానిక్‌లు కనుబొమలెగరేస్తారు. తర్వాత వచ్చిన పొడుగు రకం ఆర్ఎంఎల్‌లో 72 సీట్లు, పొడవు 30 అడుగులు.

ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతున్న గుండ్రటి కొత్త బస్సు కూడా రూట్‌మాస్టరేనా?

పేరు అదే, బస్సు వేరు. థామస్ హెదర్‌విక్ స్టూడియో డిజైన్ చేసిన కొత్త రూట్‌మాస్టర్ 2012 ఫిబ్రవరిలో 38వ నంబర్ రూట్‌లో మొదలైంది, మొత్తం 1,000 చేశారు. దానికీ వెనక తెరిచి ఉంచే తలుపు పెట్టారు, దాన్ని చూసుకోవడానికి మనిషిని కూడా పెట్టారు, 2016లో ఆ మనుషుల్ని తీసేశారు, అప్పటి నుంచి బస్సు కదిలేటప్పుడు వెనక తలుపు మూసే ఉంటుంది. నాకు ఆ బస్సు మీద కోపం ఏమీ లేదు కానీ కండక్టర్ లేని ఫుట్‌బోర్డు అలంకారమే కదా, అందుకే దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయను.

హెరిటేజ్ రూట్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

2005లో రూట్‌మాస్టర్లను మామూలు సర్వీసు నుంచి పూర్తిగా తప్పించారు. చివరి రూట్ 159, చివరి రోజు 2005 డిసెంబర్ 9, చివరి బస్సు ఆర్ఎం 2217. ఆ రోజు దారి పొడుగునా జనం రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు బ్రిక్స్‌టన్ డిపోకి ఆలస్యంగా చేరింది. అంతకు కొద్ది వారాల ముందే, నవంబర్ 14న, ఇప్పుడు లండన్ బస్సుల్ని చూసుకునే సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వాళ్లు రెండు చిన్న రూట్లలో పాత బస్సుల్ని ఉంచారు. 9వ నంబర్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్ నుంచి ఆల్డ్‌విచ్ దాకా, 15వ నంబర్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి టవర్ హిల్ దాకా. వీటికి హెరిటేజ్ అని పేరు. అదే నంబర్‌తో, అదే స్టాపుల్లో మామూలు లో-ఫ్లోర్ బస్సులు కూడా తిరిగేవి, పాతవి వాటి మధ్యలో దూరి వచ్చేవి. టికెట్ ధర కూడా మామూలుదే.

నా లెక్కలో అందులో గొప్పతనం అంతా ఆ చివరి రెండు సంగతుల్లోనే ఉంది. టూరిస్టు బస్సు అయితే టూరిస్టులే ఎక్కుతారు. ఇది మాత్రం ఆఫీసుకి పోయే మనిషి, ముందు ఏది వస్తే అది ఎక్కే మనిషి ఎక్కిన బస్సు. చేతిలో సంచితో ఫ్లీట్ స్ట్రీట్‌లో ఎక్కి మూడు స్టాపుల తర్వాత దిగిపోయేవాళ్లు ఉంటేనే సిటీ రూట్ అనిపిస్తుంది.

ఆ రూట్లు ఇప్పుడున్నాయా?

లేవు. 9వ నంబర్ హెరిటేజ్ 2014 జులైలో ఆగిపోయింది, ఎక్కేవాళ్లు తగ్గారన్నారు. 15వ నంబర్‌ని 2019లో రోజూ కాకుండా వేసవి నెలల్లో వారాంతాలకీ సెలవులకీ కుదించారు, 2020లో కోవిడ్ వచ్చాక మళ్లీ మొదలు కాలేదు, ఇక రాదని 2021లో చెప్పేశారు. ఆ తర్వాత ప్రైవేటు సంస్థలు సొంత పర్మిట్‌తో నడపడం, అభిమానుల బృందాలు ఏడాదిలో కొన్ని రోజులు 'రన్నింగ్ డే' పేరుతో పాత రూట్లలో తిప్పడం, ఇలా సాగుతోంది. నేను చేసేది రన్నింగ్ డేలలో.

పాత బస్సుని ఏ రోడ్డు మీదైనా నడపొచ్చు కదా, అదే రూట్ కావాలని పట్టెందుకు?

15వ నంబర్ దారి ఒకసారి మనసులో వేసుకోండి: ట్రఫాల్గర్ స్క్వేర్, స్ట్రాండ్, ఆల్డ్‌విచ్, ఫ్లీట్ స్ట్రీట్, లడ్‌గేట్ హిల్, సెయింట్ పాల్స్ చర్చి, కానన్ స్ట్రీట్, మాన్యుమెంట్, టవర్ హిల్. లడ్‌గేట్ సర్కస్ దగ్గర చిన్న పల్లం, అక్కడ నుంచి చర్చి వైపు ఎత్తు ఎక్కాలి. సిగ్నల్ పడ్డాక బస్సు ఆ ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ గొంతు బొంగురుపోతుంది, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాళ్లు వాళ్లకు తెలియకుండానే రాడ్డు వైపు ఒరుగుతారు, మేడ మీద ముందు సీట్లో వాళ్లకి అద్దం నిండా ఆ పెద్ద గుమ్మటం వస్తుంది. ఇదే బస్సు ఊరి బయట రింగు రోడ్డు మీద పోతే ఇంజన్ మోత తప్ప ఏమీ ఉండదు. ఆగడం, ఎక్కడం, బెల్, కదలడం, ప్రతి రెండు మూడు వందల గజాలకీ ఇదే. ఈ బస్సుని ఆ పని కోసమే చేశారు.

పైగా మధ్య లండన్ రోడ్ల మీద చాలాచోట్ల ఇప్పుడు వేగ పరిమితి గంటకు 20 మైళ్లే. అరవై ఏళ్లు దాటిన బస్సు వల్ల వెనక ట్రాఫిక్ ఆగిపోతుందేమో అని టెన్షన్ పడేవాళ్లకి ఇదే జవాబు, మా ముందు ఉన్న కొత్త బస్సే మమ్మల్ని ఆపుతుంది చాలాసార్లు.

కండక్టర్ అవసరం నిజంగా ఉందా, లేక వేషమా?

ఈ ప్రశ్న వినగానే నేను కొంచెం నిటారుగా నిలబడతాను. అవసరం ఉంది. డ్రైవర్ గది ముందు మూలన ఉంటుంది, అతను రోడ్డు వైపు నుంచి తన తలుపు తీసుకుని ఎక్కుతాడు, ప్రయాణికులకీ అతనికీ మధ్య గోడ. వెనక్కి తిరిగితే ఒక చిన్న అద్దం తప్ప ఏమీ లేదు. ఎవరు ఎక్కారో, ఎవరి కాలు ఇంకా రోడ్డు మీదే ఉందో, మెట్ల మీద ముసలాయన దిగుతున్నాడో లేదో అతనికి తెలిసే దారే లేదు. బస్సు కదలాలంటే నేను బెల్ కొట్టాలి. రివర్స్ తీయాలన్నా నేను దిగి వెనక నిలబడి దారి చూపాలి. ఒక మనిషి నడుపుతాడు, ఒక మనిషి చూస్తాడు. ఇద్దరు ఉంటేనే ఒక బస్సు.

నన్నడిగితే మనం కాపాడుతున్నది కూడా ఆ ఇద్దరి పనినే. ఇనుము, అల్యూమినియం షెడ్డులో పెట్టినా ఉంటాయి. ఇద్దరు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, బెల్ మోతతోనే మాట్లాడుకుంటూ ఊరి మధ్యలో బండి నడపడం అనేది నడిపితేనే ఉంటుంది.

బెల్ ఎన్నిసార్లు కొడితే ఏమిటి?

ఒకటి కొడితే వచ్చే స్టాపులో ఆపు. రెండు కొడితే పోనీయ్. మూడు కొడితే బస్సు నిండింది, స్టాపుల్లో ఆపకు. నాలుగు కొడితే ప్రమాదం, వెంటనే ఆపు. కింది భాగంలో కప్పు వెంబడి తాడు ఉంటుంది, లాగితే ముందు డ్రైవర్ దగ్గర మోగుతుంది, మేడ మీద బటన్.

మనవాళ్లకి ఇలా చెప్తాను: ఒక బెల్ అంటే 'హోల్డాన్', రెండు బెళ్లు అంటే 'రైట్ రైట్'. వెంటనే అర్థమవుతుంది. ఇందులో ఒక తమాషా ఉంది. లండన్ కండక్టర్లు బస్సు కదిలే ముందు 'హోల్డ్ టైట్ ప్లీజ్' అని అరుస్తారు, అంటే గట్టిగా పట్టుకోండి, బయల్దేరుతున్నాం అని. మన 'హోల్డాన్' అంటేనేమో ఆపు అని. నా మొదటి రోజున ఎక్కిన ఒక తెలుగు పెద్దాయన నా 'హోల్డ్' వినగానే స్టాపు వచ్చిందనుకుని లేచి గుమ్మం దగ్గరికి వచ్చేశారు, అదే క్షణంలో బస్సు కదిలింది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. అప్పటి నుంచి మనవాళ్లు బస్సులో ఉంటే తెలుగులోనే 'పట్టుకోండి, పట్టుకోండి' అంటున్నాను.

తలుపు లేని ఫుట్‌బోర్డు ప్రమాదం కాదా?

కొంత ప్రమాదమే, కాదని చెప్పను. స్టాపు కాని చోట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు దూకి దిగిపోవడం ఒకప్పటి లండన్ అలవాటు, చాలామంది ఈ బస్సుని ప్రేమించడానికి కారణం కూడా అదే. మేము మాత్రం స్టాపులోనే దిగమంటాం. పక్కన సైకిళ్లు వస్తుంటాయి, ఎలక్ట్రిక్ స్కూటర్లు వస్తుంటాయి, ఒకప్పుడు అవి ఇన్ని లేవు.

కండక్టర్‌కి మెట్ల కింద ఒక గూడు లాంటి చోటు ఉంటుంది, ఎక్కే వాళ్లకి అడ్డం లేకుండా అక్కడ ఒదిగి నిలబడాలి. అక్కడి నుంచి ఫుట్‌బోర్డు, కింది సీట్ల వరస, మెట్లు మూడూ కనిపిస్తాయి. డిజైన్ చేసినవాడు కండక్టర్‌ని దృష్టిలో పెట్టుకుని చేశాడని ఆ గూట్లో నిలబడితేనే తెలుస్తుంది. పైకీ కిందికీ తిరిగే మెట్లు ఇరుకు, వంపు తిరిగి ఉంటాయి, బస్సు కదులుతుండగా ఎవరైనా దిగుతుంటే నా కళ్లు ఆ మెట్ల మీదే. మేడ మీద నిలబడి ప్రయాణం చెయ్యనివ్వం.

ఎప్పుడైనా ఏదైనా పాడైందా?

ఒక శనివారం ఫ్లీట్ స్ట్రీట్‌లో తాడు లాగాను, బెల్ మోగలేదు. మళ్లీ లాగాను, లేదు. బస్సు స్టాపులో ఆగి ఉంది, పది మంది ఎక్కారు, డ్రైవర్ నా రెండు బెళ్ల కోసం ఎదురు చూస్తున్నాడు, నేను తాడు పట్టుకుని వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను. వెనక బస్సు హారన్ కొట్టింది. చివరికి సీట్ల మధ్య నుంచి ముందుకి పోయి డ్రైవర్ వెనక అద్దం మీద వేళ్లతో కొట్టి, చేత్తో సైగ చేసి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు, అంటే నడపను అని. ఆయన చేసిందే కరెక్ట్. బెల్ లేకపోతే ఫుట్‌బోర్డు మీద మనిషి జారినా ఆయనకి తెలియదు. అందరికీ సారీ చెప్పి దింపేశాం, ఖాళీ బస్సు షెడ్డుకి పోయింది. కాలిపోయింది ఒక ఫ్యూజు, తప్పు నాది, పొద్దున బయల్దేరే ముందు బెల్ కొట్టి చూడాల్సింది నేనే, కాఫీ తాగుతూ కబుర్లలో పడి వదిలేశాను. ఇప్పుడు మేడ మీద బటన్‌తో సహా అన్నీ కొట్టి చూశాకే కాఫీ.

నడపడం కష్టమా?

నేను నడపను, కానీ నడిపేవాళ్లు చెప్పేది ఒకటే, అనుకున్నంత కష్టం కాదు. క్లచ్ పెడల్ లేదు, రెండే పెడళ్లు. స్టీరింగ్ పక్కన చిన్న గేరు పిడి, నాలుగు గేర్లు, ఆటోమేటిక్‌లో పెట్టొచ్చు లేదా చేత్తో మార్చుకోవచ్చు. కష్టం ఎక్కడంటే బస్సు ఎత్తు 14 అడుగులు దాటుతుంది, కాబట్టి దారి మళ్లింపు బోర్డు కనబడితే గుండె దడ, ఆ సందులో తక్కువ ఎత్తు బ్రిడ్జి ఉందో లేదో ముందే తెలిసి ఉండాలి.

అంతకుముందు తరం ఆర్‌టీ బస్సు నడపడం మాత్రం వేరే విద్య. 1939లో వచ్చిన ఆ బస్సు మామూలు సర్వీసులో చివరిసారి తిరిగింది 1979 ఏప్రిల్‌లో, 62వ నంబర్ రూట్‌లో. దానికి పవర్ స్టీరింగ్ లేదు, గేరు మార్చడం కూడా రెండు మెట్లలో: ముందు పిడితో ఏ గేరు కావాలో ఎంచుకుని పెట్టుకోవాలి, తర్వాత సమయం చూసి కాలితో పెడల్ తొక్కితే అప్పుడు గేరు పడుతుంది. రాబోయే మలుపుకి కావాల్సిన గేరు ముందే ఆలోచించుకునేవాడే ఆర్‌టీ డ్రైవర్. మా డ్రైవర్లలో ఒకాయన రూట్‌మాస్టర్‌ని 'సోఫా' అంటాడు.

ఏ లైసెన్సులు కావాలి?

జనం దగ్గర డబ్బు తీసుకుని నడిపితే మామూలు బస్సుకి ఏమేమి కావాలో అవన్నీ కావాలి: డ్రైవర్‌కి డి కేటగిరీ లైసెన్స్, సంస్థకి ట్రాఫిక్ కమిషనర్ ఇచ్చే ఆపరేటర్ లైసెన్స్, బస్సుకి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష. లండన్ లోపల, ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ కాంట్రాక్టులో లేని రూట్ నడపాలంటే వాళ్ల దగ్గర లండన్ సర్వీస్ పర్మిట్ తీసుకోవాలి. పాతది కదా అని ఎవరూ చూసీ చూడనట్టు వదలరు, వదలకూడదు కూడా.

సొంతానికి పాత బస్సు కొనుక్కుని కుటుంబంతో తిరగాలనుకునేవాళ్లకి చిన్న వెసులుబాటు ఉంది. తయారై 30 ఏళ్లు దాటిన బస్సుని, డబ్బు తీసుకోకుండా, ఎనిమిది మందికి మించి ప్రయాణికులు లేకుండా, 21 ఏళ్లు దాటిన మనిషి మామూలు కారు లైసెన్స్‌తో నడపొచ్చు. కొనే ముందు మాత్రం ఎక్కడ పెడతారో ఆలోచించుకోండి, ఇంట్లో గొడవలు అక్కడే మొదలవుతాయి.

పొగ సంగతి? లండన్‌లో కాలుష్యం జోన్ ఉంది కదా?

ఉంది. 1973 జనవరి 1కి ముందు తయారైన వాహనాలకి ఆ జోన్ రుసుము వర్తించదు, వ్యాపారానికి వాడినా సరే. రూట్‌మాస్టర్లన్నీ 1968కే అయిపోయాయి కాబట్టి అన్నీ బయటపడతాయి. చట్టం మినహాయించింది కాబట్టి పొగ రాదని కాదు. 15వ నంబర్ హెరిటేజ్ బస్సులకి పాత ఇంజన్ తీసేసి కొత్త తరం కమిన్స్ ఇంజన్, అలిసన్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టారు, పొగ బాగా తగ్గింది. పాత ఏఈసీ 9.6 లీటర్ల ఇంజన్ ఆ లోతైన గుడగుడతో ఉన్నదే అసలు బస్సు అనేవాళ్లు మాలో సగం మంది. నాకు రెండు మాటలున్నాయి: ఏడాదికి కొన్ని రోజులే తిరిగే బస్సుకి పాత ఇంజన్ ఉండనివ్వండి, రోజూ తిరగాలంటే మాత్రం మార్చాల్సిందే, ఆ వీధిలో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులు మన సరదా కోసం లేవు.

ఇంజన్ మార్చాక అది అసలు బస్సే అవుతుందా?

ఈ వాదన మొదలైతే రాత్రి పన్నెండు దాటుతుంది. నేను ఎప్పుడూ ఆల్డెన్‌హమ్ కథ చెప్తాను. లండన్ ట్రాన్స్‌పోర్ట్‌కి ఆల్డెన్‌హమ్‌లో పెద్ద వర్క్‌షాప్ ఉండేది, బస్సులు కొన్నేళ్లకోసారి అక్కడికి పోయేవి. రూట్‌మాస్టర్‌కి బస్సు పొడుగునా సాగే ఒకే చాసిస్ లేదు. ముందు ఇంజన్, స్టీరింగ్ ఉన్న 'ఎ' ఫ్రేము, వెనక ఇరుసు ఉన్న 'బి' ఫ్రేము, మధ్యలో అన్నిటినీ మోసే బాడీ. వర్క్‌షాప్‌లో వీటిని విప్పి వేరు చేసేవాళ్లు, బాడీ ఒక వరసలో, ఫ్రేములు ఇంకో వరసలో బాగయ్యేవి, చివర ఏది ముందు తయారైతే దానికి అది బిగించి, లోపలికి పోయిన నంబర్లలో ఒకటి పెట్టి బయటికి పంపేవాళ్లు. అంటే సోమవారం లోపలికి వెళ్లిన బస్సూ కొన్ని వారాలకు అదే నంబర్‌తో బయటికొచ్చిన బస్సూ ఒకటే కానక్కర్లేదు. 1986లో ఆ వర్క్‌షాప్ మూసేసేదాకా ఇదే పద్ధతి. కాబట్టి 'నా బస్సులో ప్రతి మర అసలుదే' అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. మొదటి నుంచీ ఈ బస్సుల్లో మారనిది నంబరూ, చేసే పనీ.

విడిభాగాలు దొరుకుతాయా?

2,876 చేశారు కాబట్టి చాలా పాత బస్సులకంటే నయం, రద్దయిన బస్సుల నుంచి విప్పి దాచుకున్నవీ, కొత్తగా చేయించినవీ దొరుకుతాయి. రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, ఎవరి షెడ్డులోనో అట్టపెట్టెలో కొత్తగా మెరుస్తున్న పాతకాలపు బ్రేకు లైనింగులు దొరికాయని సంబరపడొద్దు, వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, బ్రిటన్‌లో అది 1999 నుంచి పూర్తిగా నిషేధం. రెండోది టైర్లు. 2021 ఫిబ్రవరి నుంచి బస్సుల ముందు చక్రాలకి పదేళ్లు దాటిన టైరు వాడకూడదు. పాత బస్సు ఏడాదికి పట్టుమని వెయ్యి మైళ్లు తిరగదు, టైరు చూస్తే కొత్తదానిలా ఉంటుంది, రబ్బరు మాత్రం లోపల ముసలిదై ఉంటుంది. డబ్బు తీసుకుని జనాన్ని తిప్పే బస్సుకి టైరు పక్కన ఉన్న తేదీ చదవడం నేర్చుకోవాలి.

సీటు గుడ్డ గురించి కూడా అడుగుతారు. ముదురు ఎరుపు మీద పసుపు గీతల ఆ మందపాటి గుడ్డని మళ్లీ నేయించి వేస్తారు. లోపలి రంగులకు డిజైనర్ డగ్లస్ స్కాట్ పెట్టించినవి బర్గండీ ఎరుపు, చైనీస్ ఆకుపచ్చ, కప్పుకి సుంగ్ పసుపు. లండన్ మబ్బు రోజున ఆ పసుపు కప్పు కింద కూర్చుంటే దీపం వెలిగించినట్టే ఉంటుంది.

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు ఎక్కగలరా?

ఎక్కలేరు. ఈ పేజీలో నాకు ఇబ్బందిగా ఉన్న జవాబు ఇదొక్కటే, మెత్తగా చెప్పే దారి లేదు. ఎత్తు ఫుట్‌బోర్డు, ఇరుకు దారి, మధ్యలో రాడ్డు. ఈ బస్సుల్ని తీసేయడానికి పెద్ద కారణం కూడా అదే, అది సరైన కారణమే. 1995లో వికలాంగుల పట్ల వివక్ష కూడదనే చట్టం వచ్చింది, 2000లో బస్సుల ప్రమాణాల నిబంధనలు వచ్చాయి, దేశంలోని డబుల్ డెక్కర్లన్నిటికీ 2017 మొదలయ్యేసరికి అవి పూర్తిగా వర్తించాయి. లండన్ అంతకు చాలా ముందే తన బస్సుల్ని లో-ఫ్లోర్‌కి మార్చుకుంది. 20 ఏళ్లు దాటిన బస్సు ఏడాదిలో 20 రోజులకి మించి తిరగకపోతే ఆ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది, రన్నింగ్ డేలు చాలావరకు ఆ లెక్కలోనే నడుస్తాయి.

'పాతకాలం ఎంత బాగుండేదో' అని ఎవరైనా నిట్టూరిస్తే, ఆ పాతకాలంలో స్టాపు దగ్గరే మిగిలిపోయినవాళ్లు ఉన్నారని గుర్తు చేస్తాను. అందుకే పాత బస్సు తిరిగే దారిలో అదే టైముకి అందరూ ఎక్కగలిగే మామూలు బస్సు ఉండాలి, దాన్ని తీసి దీన్ని పెట్టకూడదు.

పిల్లల బండి తీసుకురావచ్చా?

మడిస్తేనే. మడిచి ఇస్తే మెట్ల కింద పెడతాను.

టికెట్ ఎలా? ఆ పాత మిషన్ ఉంటుందా?

లండన్ బస్సుల్లో నగదు తీసుకోవడం 2014 జులైలోనే ఆపేశారు, మామూలు బస్సుల్లో కార్డే. ఒకప్పుడు కండక్టర్ల మెడలో గిబ్సన్ మిషన్ వేలాడేది, 1953 నుంచి 1993 దాకా అదే, కాగితం చుట్ట మీద అక్కడికక్కడే టికెట్ అచ్చు వేసి ఇచ్చేది. మా దగ్గర ఒకటి ఉంది, పిడి తిప్పితే వచ్చే ఆ కరకర శబ్దం కోసమే పిల్లలు నా చుట్టూ చేరతారు. అది గుర్తుగా ఇచ్చే టికెట్టే, దాంతో ఎక్కడికీ ప్రయాణం చెల్లదు. ఒకాయన మర్నాడు దాన్ని మామూలు బస్సులో చూపించి దిగిపోవాల్సి వచ్చిందట.

చలికాలంలో ఎలా ఉంటుంది?

ప్రయాణికులకి ఫర్వాలేదు, హీటర్ ఉంది. కండక్టర్‌కి మాత్రం వీపు వెచ్చగా, మొహం మంచు గడ్డలా ఉంటుంది. రాడ్డు ఇంకా చల్లగా ఉంటుంది. చేతి తొడుగు వేసుకుంటే చిల్లర, టికెట్లు పట్టుకోలేం, తీసేస్తే రాడ్డు పట్టుకోలేం. వేళ్లు కత్తిరించిన ఉన్ని తొడుగులు దీనికి మందు, పాత కండక్టర్లు చెప్పిన చిట్కా.

మ్యూజియంలో పెడితే భద్రంగా ఉంటుంది కదా, రోడ్డు మీద అరగదీయడం ఎందుకు?

మ్యూజియంలు కావాలి. వేబ్రిడ్జ్ దగ్గర బ్రూక్‌లాండ్స్‌లో లండన్ బస్ మ్యూజియం ఉంది, వెళ్లి చూడండి. కానీ నిలబెట్టిన బస్సు కూడా పాడవుతుంది, రబ్బరు సీళ్లు ఎండుతాయి, బ్రేకులు పట్టేస్తాయి, డీజిల్ ట్యాంకులో పాచి పడుతుంది. అప్పుడప్పుడూ నడిపిన బస్సే కండిషన్‌లో ఉంటుందని మెకానిక్‌లు చెప్తారు. మనుషుల సంగతి ఇంకా తొందర. ఈ బస్సుల మీద ఉద్యోగం చేసిన కండక్టర్లు ఇప్పుడు పెద్దవాళ్లు. రద్దీలో బెల్ ఎప్పుడు కొట్టాలో, డ్రైవర్ బ్రేకు వేసే తీరుని బట్టి అతని మూడ్ ఎలా ఉందో, ఇవి రాసి పెట్టేవి కావు, పక్కన నిలబడి చూసి పట్టుకోవాల్సినవి. నాకు నేర్పినాయన మాటలతో ఏమీ చెప్పలేదు, తప్పు చేసినప్పుడు తాడు మీద నా చేతి పైన ఆయన చెయ్యి వేసి ఒక్క క్షణం ఆపేవాడు, అంతే.

నేనూ చేరొచ్చా?

తప్పకుండా. పాత బస్సుల బృందాలన్నీ మనుషుల కోసం చూస్తూనే ఉంటాయి, ఈ దేశంలో పుట్టారా, బస్సుల గురించి ఏమైనా తెలుసా అని ఎవరూ అడగరు. వచ్చిన రోజే ఫుట్‌బోర్డు మీద నిలబెడతారని మాత్రం అనుకోవద్దు. ముందు కొన్ని వారాలు షెడ్డులో గ్రీజు, గుడ్డ, బకెట్టు. తర్వాత ఖాళీ బస్సులో బెల్ సాధన, ఆ తర్వాత ఇంకో కండక్టర్ పక్కన నిలబడి జనాన్ని ఎక్కించడం. చొక్కా మరీ ఖరీదైనది వేసుకురాకండి, రాడ్డుకి పాలిష్ పెట్టే పని కొత్తవాళ్లదే.